నాటకమే వాంగ్మూలం: జాన్ హెర్బర్ట్ రచనా జీవితం, కెనడా చట్టం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది విషయాలను వివరించగలుగుతారు:

• 20వ శతాబ్దం మధ్యకాలంలో కెనడాలో స్వలింగ ప్రేమికుల పట్ల చట్టం అనుసరించిన వైఖరి
• నాటక రచయిత జాన్ హెర్బర్ట్ జీవితానికీ ఆయన రచనకూ ఉన్న సంబంధం
• ఒక నాటకం రంగస్థలం దాటి సమాజంలో తెచ్చిన మార్పు
• సాహిత్య రచనను చారిత్రక ఆధారంగా వినియోగించుకునే పద్ధతి, దాని పరిమితులు

1. ప్రస్తావన

చరిత్ర విద్యార్థులకు కోర్టు తీర్పులు, పోలీసు రికార్డులు ముఖ్యమైన ఆధారాలని మీరు ఇంతకుముందు పాఠాల్లో చదివారు. అయితే ఆ రికార్డుల్లో ఎవరి మాట ఉంటుంది? ఆరోపణ ఉంటుంది, సాక్షులు చెప్పినది ఉంటుంది, శిక్ష ఉంటుంది. శిక్ష పడిన మనిషి తన గురించి ఏమి చెప్పుకున్నాడో తరచుగా ఉండదు. ఉన్నా, న్యాయస్థానం నమ్మని మాటగానే మిగిలిపోతుంది. అలాంటి మాట మరో రూపంలో మనకు చేరితే దానిని ఎలా చదవాలి?

ఈ ప్రశ్నను పరిశీలించడానికి కెనడా రచయిత జాన్ హెర్బర్ట్ జీవితం ఒక మంచి ఉదాహరణ. కోర్టులో చెల్లని తన అనుభవాన్ని ఆయన నాటకంగా రాశాడు. ఆ నాటకం పేరు ‘ఫార్చ్యూన్ అండ్ మెన్స్ ఐస్’. ‘అదృష్టం, మనుషుల చూపు’ అని దాని భావం. షేక్‌స్పియర్ రాసిన 29వ సానెట్ నుంచి ఈ శీర్షికను తీసుకున్నాడు. లోకం చేత అవమానానికి గురైన ఒక మనిషి ఆత్మీయుడిని తలచుకుని ఊరట పొందడం ఆ కవిత సారాంశం. శీర్షిక ఎందుకు అలా పెట్టాడో నాటకం చివరి ఘట్టంలో మనకు తెలుస్తుంది.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ పాఠంలో ‘స్వలింగ ప్రేమికులు’ అనే పదాన్నే వాడుతున్నాం. చట్టాలు, తీర్పులు వాడిన పదాలు వేరు. అవి నేరాన్ని సూచించే పదాలు. చరిత్ర రాసేటప్పుడు నాటి చట్టం భాషను గుర్తించాలి గాని దానినే మన భాషగా చేసుకోకూడదు.

2. నాటి కెనడాలో చట్టం

కెనడా నేరచట్టానికి మూలం ఇంగ్లండు చట్టమే. పురుషుల మధ్య శారీరక సంబంధాన్ని ‘తీవ్రమైన అసభ్య ప్రవర్తన’ అనే పేరుతో నేరంగా మార్చిన సవరణ ఇంగ్లండులో 1885లో వచ్చింది. 1895లో ప్రసిద్ధ నాటక రచయిత ఆస్కార్ వైల్డ్‌కు జైలు శిక్ష పడింది దీని కిందనే. కెనడా 1890లో ఇలాంటి నిబంధనను తెచ్చుకుంది. 1892 నాటి క్రిమినల్ కోడ్‌లో అది చేరింది.

ఈ నిబంధనలో గమనించవలసిన అంశం దాని అస్పష్టత. ‘అసభ్యత’ అంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు. నిర్ణయం పోలీసుకూ న్యాయమూర్తికీ వదిలేసింది. అందువల్ల మనిషి చేసిన పని కంటే అతని నడక, దుస్తులు, మాట తీరు విచారణలో బరువైన సాక్ష్యాలయ్యే అవకాశం ఏర్పడింది. ఇంకొక ఫలితం కూడా ఉంది. స్వలింగ ప్రేమికుడిపై ఎవరైనా దాడి చేసినా, డబ్బు గుంజినా అతను ధైర్యంగా పోలీసు స్టేషనుకు వెళ్లలేడు. వెళితే ఫిర్యాదుదారే ముద్దాయి కావచ్చు.

హెర్బర్ట్ విషయంలో సరిగ్గా అదే జరిగింది.

3. హెర్బర్ట్ తొలి జీవితం

జాన్ హెర్బర్ట్ 1926 అక్టోబరు 13న టొరంటోలో జన్మించాడు. పూర్తి పేరు జాన్ హెర్బర్ట్ బ్రండేజ్. యౌవనంలో ఈటన్స్ అనే పెద్ద దుకాణ సంస్థలో వాణిజ్య చిత్రకళకు సంబంధించిన పని చేశాడు. స్త్రీ వేషం ధరించి బయట తిరిగే అలవాటు ఆయనకు ఉండేది.

సుమారు ఇరవై ఏళ్ల వయసులో, అలా వేషంలో ఉన్న సమయంలో, కొందరు యువకుల ముఠా దోచుకునే ఉద్దేశంతో ఆయనపై దాడి చేసింది. విషయం పోలీసుల దాకా వెళ్లింది. అక్కడ ఆ యువకులు కథను తిరగేశారు. తామే బాధితులమనీ, అతనే తమను లైంగికంగా ఆహ్వానించాడనీ చెప్పారు. న్యాయస్థానం వారి మాట నమ్మింది. దెబ్బలు తిన్న మనిషికి ‘తీవ్రమైన అసభ్య ప్రవర్తన’ కింద శిక్ష పడింది. ఒంటారియో రాష్ట్రంలోని గ్వెల్ఫ్ సంస్కరణాలయానికి ఆయనను పంపారు.

సంస్కరణాలయం అంటే నేరం చేసిన యువకులను దిద్ది తిరిగి సమాజంలోకి పంపే సంస్థ అని అర్థం. లోపల హెర్బర్ట్ చూసినది వేరు. బలవంతుడు బలహీనుణ్ణి లొంగదీసుకుంటాడు. కాపలాదారులకు తెలుసు, అయినా పట్టించుకోరు. స్వలింగ ప్రేమను నేరమని శిక్షించిన రాజ్యమే, తన గోడల మధ్య యువకులపై జరుగుతున్న లైంగిక హింసను చూడనట్లు ఊరుకుంది. ఈ వైరుధ్యమే తరువాత ఆయన నాటకానికి ప్రాణమైంది.

విడుదలైన తరువాత హెర్బర్ట్ క్రమంగా నాటకరంగంలోకి వచ్చాడు. టొరంటోలో చిన్న నాటక బృందాలను నడిపాడు. వాటిలో ‘గారెట్ థియేటర్’ ఒకటి. రచన, దర్శకత్వం, నిర్వహణ అన్నీ తానే చూసుకున్నాడు.

4. నాటకం: నలుగురు ఖైదీలు, ఒక కాపలాదారు

నాటకమంతా ఒక సంస్కరణాలయంలోని పడకగదిలో జరుగుతుంది. పాత్రలు ఐదుగురే. కొత్తగా వచ్చిన పదిహేడేళ్ల స్మిటీకి జైలు పద్ధతులు తెలియవు. రాకీ కండబలంతో గదిని శాసించే యువకుడు. క్వీనీ మాటకారి, తన స్వభావాన్ని దాచుకోడు, లోపలి రాజకీయాలన్నీ తెలిసినవాడు. మోనా అని అందరూ పిలిచేవాడు మెతక మనిషి, కవిత్వం ఇష్టపడేవాడు. ఐదవ వ్యక్తి కాపలాదారు.

రక్షణ కల్పిస్తానని చెప్పి రాకీ స్మిటీని లొంగదీసుకుంటాడు. రాకీని ఎదిరించి కొట్టమని క్వీనీ స్మిటీని ప్రోత్సహిస్తాడు. స్మిటీ గెలుస్తాడు. గెలిచిన స్మిటీ ఇప్పుడు తానే గదికి పెద్ద. అధికారం చేతికి రాగానే అతనూ రాకీ దారిలోనే మోనాపై చేయి వేయబోతాడు. మోనా తిరస్కరిస్తాడు. బలవంతంతో కూడిన సంబంధానికీ ప్రేమకూ తేడా ఉందని చెబుతూ షేక్‌స్పియర్ సానెట్ చదువుతాడు. ఇద్దరూ కలిసి నవ్వుకునే ఆ ఒక్క క్షణమే నాటకంలో మనుషుల మధ్య స్నేహం కనిపించే చోటు. అంతలో మిగిలినవారు లోపలికి వస్తారు. నింద మోనా మీద పడుతుంది. కాపలాదారు అతన్ని కొట్టడానికి తీసుకుపోతాడు. దూరం నుంచి కేకలు వినిపిస్తుండగా స్మిటీ గట్టిపడిన మనసుతో, పగతో నిలబడతాడు. అమాయకుడిగా లోపలికి వచ్చిన కుర్రవాడు చివరికి నేరస్థుడి మనస్తత్వంతో మిగులుతాడు.

రెండు విషయాలను ప్రత్యేకంగా గమనించండి. మొదటిది, మోనా తన కేసు గురించి చెప్పే కథ. ఒక ముఠా తనపై దాడి చేసి, పైగా తానే వారిని ఆహ్వానించానని చెప్పిందనీ, కోర్టు వారినే నమ్మిందనీ అతను చెబుతాడు. అది హెర్బర్ట్ సొంత కేసు. క్వీనీ పాత్రలో కూడా రచయిత పోలికలు ఉన్నాయి. అంటే రచయిత తనను రెండుగా విడదీసుకున్నాడు: ఒకరు జైలులో బతకడం నేర్చిన మనిషి, మరొకరు తన లోపలి సున్నితత్వాన్ని కాపాడుకున్న మనిషి.

రెండవది, నాటకం స్వలింగ ప్రేమను జైలు హింసకు కారణంగా చూపదు. హింస చేసేది అధికారం. ఎవరి చేతికి అధికారం వస్తే వారు అదే పని చేస్తారు. మోనా ఒక్కడే ఆ చక్రంలో చేరడానికి ఒప్పుకోడు. అందుకే దెబ్బలు అతనికే పడతాయి.

5. స్వదేశంలో మూసిన తలుపు

1965లో కెనడాలోని ప్రతిష్ఠాత్మకమైన స్ట్రాట్‌ఫర్డ్ ఉత్సవ సంస్థలో నటుల వర్క్‌షాప్‌లో ఈ నాటకాన్ని ప్రయోగించారు. అయితే ప్రజల ఎదుట ప్రదర్శించడానికి సంస్థ సిద్ధపడలేదు. ఆ కాలంలో కెనడా నాటకశాలలు ఎక్కువగా బ్రిటిష్, అమెరికన్ నాటకాలపై ఆధారపడేవి. స్వదేశీ రచయితకే చోటు దొరకడం కష్టం. ఇక ఇలాంటి వస్తువుతో వచ్చిన స్వదేశీ రచయిత సంగతి చెప్పనక్కరలేదు.

టొరంటో స్టార్ పత్రిక నాటక విమర్శకుడు నేథన్ కోహెన్ ఈ రచన విలువను గుర్తించాడు. న్యూయార్క్‌లోని డేవిడ్ రోథెన్‌బర్గ్‌కు రాతప్రతి చేరేలా చూశాడు. 1967 ఫిబ్రవరి 23న న్యూయార్క్‌లోని యాక్టర్స్ ప్లేహౌస్‌లో నాటకం మొదలైంది. 382 ప్రదర్శనలు జరిగాయి. అదే ఏడాది గ్రోవ్ ప్రెస్ దానిని పుస్తకంగా ప్రచురించింది.

న్యూయార్క్‌లో జరిగిన ఒక పరిణామాన్ని చరిత్ర విద్యార్థులు తప్పక గుర్తుంచుకోవాలి. ప్రదర్శనల తరువాత ప్రేక్షకులతో చర్చలు ఏర్పాటు చేశారు. నాటకంలో చూపినది అతిశయోక్తి అని కొందరు సందేహం వెలిబుచ్చితే, జైలు జీవితం గడిపి వచ్చినవారు ప్రేక్షకుల నుంచే లేచి తమ అనుభవం చెప్పారు. ఆ చర్చల ఫలితంగా 1967లో రోథెన్‌బర్గ్ చొరవతో ‘ఫార్చ్యూన్ సొసైటీ’ అనే సంస్థ పుట్టింది. నాటకం పేరులోని మొదటి పదమే సంస్థ పేరయింది. జైలు నుంచి విడుదలైనవారికి నివాసం, ఉపాధి, చదువు విషయాల్లో తోడ్పడుతూ ఆ సంస్థ నేటికీ పనిచేస్తోంది. ఒక నాటకం పేరు మీద ఖైదీల పునరావాస సంస్థ ఏర్పడటం అరుదైన విషయం.

6. రంగస్థలం నుంచి వెండితెరకు

1969లో నటుడు సాల్ మినియో ఈ నాటకాన్ని లాస్ ఏంజిలిస్‌లో దర్శకత్వం వహించి ప్రదర్శించాడు. తరువాత దానిని న్యూయార్క్‌కు తెచ్చాడు. మూలంలో తెర వెనుక జరిగే అత్యాచారాన్ని మినియో వేదికపైనే చూపాడు. ఇది వివాదమైంది. ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోండి: హింసను నేరుగా చూపితే ప్రేక్షకుడు బాధితుడి పక్షాన నిలబడతాడా, లేక దానిని ఒక వింత దృశ్యంగా చూస్తాడా? హెర్బర్ట్ మూల రచనలో హింస ఎక్కువగా శబ్దంగా వినిపిస్తుంది. చివరి ఘట్టంలో మోనాను కొట్టడం మనకు కనిపించదు. కేకలు వింటున్న స్మిటీ ముఖమే కనిపిస్తుంది.

1971లో ఎం.జి.ఎం. సంస్థ ద్వారా నాటకం సినిమాగా వచ్చింది. దర్శకుడు హార్వే హార్ట్. స్క్రీన్‌ప్లే హెర్బర్టే రాశాడు. అమెరికాలో సినిమాలపై దశాబ్దాలుగా ఉన్న నిర్మాణ నియమావళి 1968లో రద్దయి, వయసును బట్టి వర్గీకరించే పద్ధతి రావడం ఇలాంటి చిత్రానికి వీలు కల్పించింది.

హెర్బర్ట్ తరువాత కూడా రాశాడు. ‘బార్న్ ఆఫ్ మెడూసాస్ బ్లడ్’, ‘ఆంఫలే అండ్ ది హీరో’, 1976లో వెలువడిన లఘు నాటకాల సంపుటి ‘సమ్ యాంగ్రీ సమ్మర్ సాంగ్స్’ వాటిలో కొన్ని. వీటిలో దేనికీ మొదటి నాటకానికి వచ్చినంత పేరు రాలేదు. 1975లో ‘ఫార్చ్యూన్ అండ్ మెన్స్ ఐస్’కు ఛామర్స్ కెనడియన్ నాటక పురస్కారం లభించింది. స్ట్రాట్‌ఫర్డ్ తలుపు మూసిన పదేళ్లకు స్వదేశం ఇచ్చిన గుర్తింపు అది. హెర్బర్ట్ 2001 జూన్ 22న టొరంటోలో మరణించాడు.

7. చట్టం మారిన తీరు

నాటకం న్యూయార్క్‌లో నడుస్తున్న 1967లోనే కెనడా సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఎవరెట్ క్లిపర్ట్ అనే కార్మికుడు వయోజనులతో, వారి అంగీకారంతో సంబంధాలు పెట్టుకున్నాడు. అతనిపై హింస ఆరోపణ లేదు. అయినా కింది న్యాయస్థానం అతన్ని ‘ప్రమాదకర లైంగిక నేరస్థుడు’గా ప్రకటించింది. దాని అర్థం నిరవధిక నిర్బంధం. నవంబరు 7న సుప్రీంకోర్టు 3–2 మెజారిటీతో దానిని సమర్థించింది.

ఈ తీర్పుపై దేశంలో విమర్శ వచ్చింది. ఆ డిసెంబరులో నాటి న్యాయశాఖ మంత్రి పియర్ ట్రూడో నేరచట్ట సవరణ బిల్లును పార్లమెంటులో ప్రవేశపెట్టాడు. పౌరుల పడకగదుల్లో రాజ్యానికి పని లేదన్న ఆయన వాదన ప్రసిద్ధమైంది. ట్రూడో ప్రధాని అయిన తరువాత, 1969లో ఆ సవరణలు చట్టమయ్యాయి. 21 సంవత్సరాలు నిండిన ఇద్దరి మధ్య, ఏకాంతంలో, అంగీకారంతో జరిగేది ఇక నేరం కాదు. క్లిపర్ట్ మాత్రం 1971 దాకా జైలులోనే ఉన్నాడు.

1969తో సమస్య తీరిపోయిందని అనుకోకండి. ‘తీవ్రమైన అసభ్య ప్రవర్తన’ అనే నేరం చట్టంలో అలాగే ఉంది. మినహాయింపు మాత్రమే వచ్చింది. 1981 ఫిబ్రవరి 5 రాత్రి టొరంటోలో స్వలింగ ప్రేమికులు కలుసుకునే స్నానశాలలపై పోలీసులు దాడులు చేసి సుమారు 300 మందిని అరెస్టు చేశారు. మరునాటి రాత్రే వేలాది మంది వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. ఆ పాత నేరాన్ని 1980ల చివరలో చట్టం నుంచి తొలగించారు. 2005లో స్వలింగ వివాహాలను దేశవ్యాప్తంగా చట్టబద్ధం చేశారు. 2017 నవంబరు 28న ప్రధాని జస్టిన్ ట్రూడో పార్లమెంటులో ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. 2018లో పాత అన్యాయ శిక్షలను రికార్డుల నుంచి తొలగించేందుకు ప్రత్యేక చట్టం వచ్చింది. అప్పటికి హెర్బర్ట్ మరణించి పదిహేడేళ్లు.

8. తరువాతి తరం రచయితలు

హెర్బర్ట్ తరువాత కెనడాలో ఈ వస్తువుతో బలమైన రచనలు వచ్చాయి. క్విబెక్ రచయిత మిషెల్ ట్రాంబ్లే 1973లో ‘ఓజానా’ నాటకంలో స్త్రీ వేషం ధరించే వ్యక్తి ఆత్మగౌరవ సమస్యను చిత్రించాడు. 1979లో టొరంటోలో స్కై గిల్బర్ట్ తదితరులు ‘బడీస్ ఇన్ బ్యాడ్ టైమ్స్’ నాటక సంస్థను స్థాపించారు. బ్రాడ్ ఫ్రేజర్ 1989 నాటి తన నాటకానికి తానే స్క్రీన్‌ప్లే రాయగా 1993లో ‘లవ్ అండ్ హ్యూమన్ రిమెయిన్స్’ చిత్రం వచ్చింది.

మన చర్చకు బాగా దగ్గరైనది మిషెల్ మార్క్ బుషార్ 1987లో రాసిన ‘లే ఫెలుయెట్’. 1996లో ఇది ‘లిలీస్’ పేరుతో సినిమా అయింది. అందులో 1952లో ఒక జైలుకు బిషప్పును పిలిపిస్తారు. ఖైదీలు ఆయన ఎదుట నాటకం ఆడతారు. ఆ నాటకంలో దాదాపు నలభై ఏళ్ల కిందటి సత్యం బయటపడుతుంది. న్యాయస్థానం వినని సాక్ష్యాన్ని రంగస్థలం మీద చెప్పడం అనే ఆలోచన ఇక్కడ కథలోనే భాగమైంది.

9. మన చరిత్రతో పోలిక

ఇది దూరదేశపు కథ అనిపించవచ్చు. కాని చట్టం మూలం ఒకటే. బ్రిటిష్ పాలకులు 1860లో రూపొందించిన భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ మన దేశంలో స్వలింగ సంబంధాలను నేరంగా ఉంచింది. వయోజనుల అంగీకారంతో జరిగే సంబంధాలను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న నేర పరిధి నుంచి తొలగించింది.

మరొక చట్టం మనకు ఇంకా దగ్గరిది. నిజాం కాలంలో హైదరాబాద్ రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, హిజ్రాలకు సంబంధించిన చట్టం ఒకటి వచ్చింది. వారి పేర్లను రిజిస్టరులో నమోదు చేయడానికి, స్త్రీల దుస్తులు, ఆభరణాలతో బహిరంగ ప్రదేశంలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయడానికి అది వీలు కల్పించింది. ఈ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టివేసింది. స్త్రీ వేషంలో ఉన్నందుకు హెర్బర్ట్ మాట చెల్లకపోవడాన్ని, వేషాన్నే నేరంగా భావించిన ఈ చట్టాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఆ చట్టం కింద అరెస్టయినవారు తమ గురించి తాము చెప్పుకున్న మాటల కోసం వెదికితే మనకు ఎంత దొరుకుతుందో ఆలోచించండి.

10. నాటకాన్ని ఆధారంగా చదవడం

“నాటకం కల్పన కదా, దానిని ఆధారంగా ఎలా తీసుకుంటాం?” అని తరగతిలో విద్యార్థులు తరచుగా అడిగేవారు. న్యాయమైన ప్రశ్నే. ‘కన్యాశుల్కం’ చదివి గిరీశం అనే వ్యక్తి విజయనగరంలో నిజంగా ఉన్నాడని ఎవరూ రాయరు. కాని కన్యలను సొమ్ముకు ఇచ్చే ఆచారం ఇళ్లలో ఎలా మాటల్లోకి వచ్చేదో, ఎవరు సమర్థించుకునేవారో తెలుసుకోవడానికి ఆ నాటకం ఉపయోగపడుతుంది. హెర్బర్ట్ నాటకం విషయంలోనూ అంతే.

ఇది ఏమి నిరూపించలేదు? గ్వెల్ఫ్‌లో ఏ తేదీన ఏ ఖైదీని ఎవరు కొట్టారో నిరూపించలేదు. అందుకు జైలు రికార్డులు కావాలి. ఇది ఏమి తెలుపుతుంది? శిక్ష పడిన మనిషి తన శిక్షను ఎలా అర్థం చేసుకున్నాడో, సంస్కరణ పేరుతో నడిచిన సంస్థ లోపలి నుంచి ఎలా కనిపించిందో తెలుపుతుంది. ప్రేక్షకుల్లోని మాజీ ఖైదీలు లేచి సమర్థించడం ఆ మాటకు అదనపు బలం. అయినా జాగ్రత్త అవసరం. నాటకం జైలు గదికే పరిమితం. గోడల బయట స్వలింగ ప్రేమికులు కట్టుకున్న స్నేహాలు, కుటుంబాలు ఇందులో లేవు. దీనినొక్కటే చదివితే వారి జీవితమంతా బాధేనన్న పొరపాటు అభిప్రాయం కలుగుతుంది.

కాబట్టి తీర్పునూ నాటకాన్నీ రెండింటినీ చదవాలి. మొదటిది రాజ్యం ఆ మనిషిని ఏమన్నదో చెబుతుంది. రెండవది ఆ మనిషి రాజ్యాన్ని ఏమన్నాడో చెబుతుంది. మొదటి దానితోనే చరిత్ర రాస్తే, టొరంటోలో దాడి చేసినవారి కథే చరిత్రగా మిగులుతుంది.

సారాంశం

కెనడాలో స్వలింగ ప్రేమను నేరంగా చూసిన కాలంలో జాన్ హెర్బర్ట్ దాడికి గురై, తానే దోషిగా శిక్ష అనుభవించాడు. ఆ అనుభవం నుంచి రాసిన నాటకానికి స్వదేశంలో మొదట వేదిక దొరకలేదు. 1967లో న్యూయార్క్‌లో విజయం సాధించి, 1971లో సినిమాగా వచ్చింది. మాజీ ఖైదీల సంక్షేమ సంస్థ పుట్టుకకు కారణమైంది. 1969 నుంచి 2018 వరకు కెనడా చట్టం దశలవారీగా మారింది. సాహిత్య రచనను పరిమితులు గుర్తెరిగి వినియోగిస్తే, అధికారిక రికార్డులు వదిలేసిన మనుషుల మాటను చరిత్రలోకి తీసుకురావచ్చు.

నమూనా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. జాన్ హెర్బర్ట్ జీవితానుభవం ఆయన నాటకంలో ఏ విధంగా ప్రతిఫలించిందో వివరించండి.
2. 1967–2018 మధ్య కెనడాలో స్వలింగ ప్రేమికులకు సంబంధించిన చట్టాల్లో వచ్చిన మార్పులను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. ఫార్చ్యూన్ సొసైటీ ఏర్పడిన నేపథ్యం ఏమిటి?
2. క్లిపర్ట్ కేసు ప్రాముఖ్యాన్ని తెలపండి.
3. మీరు చదివిన ఏదైనా ఒక తెలుగు నాటకాన్ని తీసుకుని, అది చారిత్రక ఆధారంగా ఏమి తెలపగలదో, ఏమి తెలపలేదో రాయండి.